పాలు మానిన పేగు: వాము, వెల్లుల్లి ఎంతవరకు సాయం?

అడవిపంది తన పిల్లల చేత ఒక్కరోజులో పాలు మాన్పించదు. ఈనిన కొద్ది రోజులకే పిల్లలు తల్లి వెనకాల తిరుగుతూ, మట్టి పెళ్ళగిస్తూ, వేళ్ళు, దుంపలు, పురుగులు నోట పెట్టుకోవడం మొదలుపెడతాయి. తల్లి పాలిచ్చే సార్లు వారం వారానికీ తగ్గించుకుంటూ పోతుంది. పిల్లలు పూర్తిగా పాలు మానేసరికి మూడు నాలుగు నెలలు గడుస్తాయి. పాలను మాత్రమే అరిగించగలిగిన పేగు, పిండినీ మొక్కల మాంసకృత్తులనూ అరిగించే పేగుగా మారడానికి పట్టే కాలం అది.

పెద్ద ఫారాల్లో ఆ నెలలన్నీ ఒక పూటకు కుదించుకుపోతాయి. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం 28 రోజుల వయసు రాకుండా పిల్లలను తల్లి నుంచి వేరు చేయకూడదు; ప్రత్యేకమైన శుభ్రమైన షెడ్లు ఉంటే 21 రోజులకు చేయవచ్చు. అమెరికాలో మూడు వారాలకే పాలు మాన్పించడం మామూలు. ఆడపందిని తొందరగా మళ్ళీ చూలుకు తెస్తే ఏడాదికి ఎక్కువ పిల్లలు దక్కుతాయన్నది దీని వెనక ఉన్న లెక్క.

ఆ పూట పిల్ల మీద పడే మార్పులు చూడండి. తల్లి ఉండదు. వేరే తల్లుల పిల్లలతో కలిపి కొత్త గదిలో వేస్తారు. ఎవరు పెద్దో తేల్చుకోవడానికి అవి కొట్లాడుకుంటాయి. అప్పటిదాకా గంటకోసారి తల్లి గురగురమంటూ పిలిచి, పడుకుని, వెచ్చటి పాలు ఇచ్చేది. ఇప్పుడు తొట్టిలో మొక్కజొన్న, సోయాచెక్క కలిసిన పొడి దాణా ఉంటుంది, పిలిచే వాళ్ళుండరు. ఆకలి వేరు, దాహం వేరు అన్న సంగతి కూడా పిల్ల కొత్తగా తెలుసుకోవాలి, ఎందుకంటే పాలు ఆ రెంటినీ ఒకేసారి తీర్చేవి. పెరికిన నారు కొత్త మడిలో వేరు పట్టేలోపు వాడిపోయినట్టు, ఈ పిల్లలు కూడా ఒక వారం పాటు వాడిపోతాయి. కొన్ని మొదటి రోజంతా ఏమీ తినవు. కొన్ని రెండు రోజులు దాటినా దాణా ముట్టవు.

ఆ వారంలో విరేచనాలు పట్టుకుంటే పిల్లలు చనిపోతాయి. బతికినవి గిడసబారిపోతాయి. ఆ వారాన్ని దాటించడానికి ప్రపంచం దశాబ్దాల పాటు యాంటీబయాటిక్‌లు వాడింది, తర్వాత జింకు వాడింది, ఇప్పుడు రెండింటినీ వదులుకుంటూ వాము, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మిరప వైపు చూస్తోంది. ఈ మూలికలు ఏం చేయగలవో, ఏం చేయలేవో తెలియాలంటే ముందు పేగులోకి చూడాలి.

ఖాళీ పేగు కుంగిపోతుంది

చిన్నపేగు లోపలి గోడ నిండా సన్నటి వేళ్ళ ఆకారంలో చూషకాలు ఉంటాయి. అరిగిన ఆహారాన్ని పీల్చుకునేది అవే. చూషకం అడుగున ఉన్న గుంటల్లో కొత్త కణాలు పుట్టి, మెల్లగా పైకి జరిగి, కొద్ది రోజుల్లో కొన నుంచి రాలిపోతాయి. ఈ కణాలు తమకు కావలసిన పోషణలో పెద్ద భాగాన్ని రక్తం నుంచి కాక, తమ ముందునుంచి పారే ఆహారం నుంచే తీసుకుంటాయి. పిల్ల తినడం మానేస్తే, దేహమంతటికీ ముందు ఆకలితో మాడేది పేగు గోడ.

డేవిడ్ హాంప్సన్ అనే పరిశోధకుడు 1986లో ప్రచురించిన కొలతలు ఈ రంగంలో ఇప్పటికీ తరచూ గుర్తు చేసుకునేవి. మూడు వారాలకు పాలు మాన్పించిన పిల్లల్లో చూషకాల ఎత్తు 24 గంటల్లోనే ముప్పావు వంతుకు తగ్గింది. అయిదో రోజుకు దాదాపు సగమైంది. అదే సమయంలో గుంటలు లోతెక్కాయి, అంటే పోయిన కణాలను భర్తీ చేయడానికి పేగు శ్రమపడుతోంది. అయితే కొత్తగా పుట్టిన కణాలు ఇంకా ముదరలేదు. వాటికి అరిగించే శక్తి, పీల్చుకునే శక్తి తక్కువ.

కడుపులోనూ ఇబ్బందే. పాలు తాగే పిల్ల కడుపులో లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు పాల చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. ఆ పులుపు చెడ్డ సూక్ష్మజీవులను ఆపుతుంది. పాలు ఆగగానే ఆ ఆమ్లం తగ్గుతుంది. కడుపు తానుగా తగినంత హైడ్రోక్లోరిక్ ఆమ్లం స్రవించే వయసు ఇంకా రాలేదు. పులుపు తగ్గిన కడుపులో మాంసకృత్తులు సరిగా విరగవు. అరగని సోయా మాంసకృత్తులు కిందికి జారి, పెద్దపేగులోని సూక్ష్మజీవులకు ఆహారమై, అమ్మోనియా వంటి హానికర పదార్థాలుగా మారతాయి.

మూడో లోటు రోగనిరోధక శక్తిది. మనిషి బిడ్డకు తల్లి గర్భంలోనే ప్రతిరక్షకాలు అందుతాయి. పందిపిల్లకు మాయ ద్వారా అవి అందవు. పుట్టాక మొదటి రోజు తాగే ముర్రుపాలే దిక్కు. 24 నుంచి 36 గంటలు దాటాక పేగు గోడ ప్రతిరక్షకాలను రక్తంలోకి రానివ్వదు. ఆ తర్వాత తల్లి పాలలో వచ్చే ఐజీఏ అనే ప్రతిరక్షకం పేగు గోడకు కాపలా కాస్తుంది. మూడు నాలుగు వారాల వయసుకు ముర్రుపాలతో వచ్చిన రక్షణ తరిగిపోతుంది, పిల్ల సొంత రక్షణ ఇంకా నిలదొక్కుకోదు. సరిగ్గా అప్పుడే పాలు ఆగి ఐజీఏ కాపలా కూడా తొలగిపోతుంది.

తలుపు తెరిచి ఉన్నప్పుడు వచ్చేది

ఈ మూడు లోట్లనూ వాడుకునేది ఈ.కోలై. పేగులో ఈ.కోలై ఎప్పుడూ ఉంటుంది, దాదాపు అన్ని రకాలూ హాని చేయనివే. విషం తయారుచేసే కొన్ని రకాలకు మాత్రం ఒంటి మీద సన్నటి పోగులుంటాయి. వాటితో పేగు కణాలకు అతుక్కుంటాయి. ఆ పోగుల్లో ముఖ్యమైనవి రెండు: ఎఫ్4, ఎఫ్18. ఎఫ్18 అతుక్కోవడానికి కావలసిన గ్రాహకాలు పిల్ల వయసుతోపాటు పెరుగుతాయి కాబట్టి ఆ రకం జబ్బు పాలు మానిన తర్వాతే ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని పందులకు పుట్టుకతోనే ఈ గ్రాహకాలు ఉండవు. ఆ రకం ఈ.కోలై వాటినేమీ చేయలేదు.

అతుక్కున్నాక ఈ.కోలై విషాన్ని వదులుతుంది. అందులో ఒకటి కలరా విషానికి దగ్గరి చుట్టం. అది పేగు కణంలోకి చేరి క్లోరైడ్ తూములు తెరిచేస్తుంది. ఉప్పు పేగులోకి కారుతుంది, దాని వెంట నీరు వస్తుంది. ఒంట్లోని నీరంతా విరేచనాలుగా పోయి పిల్ల ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. రైతులు 'పారుకుంటున్నాయి' అనే జబ్బు ఇదే. పిల్ల కళ్ళు లోతుకు పోతాయి, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, తోక కింద తడిసి ఉంటుంది.

గమనించాల్సిన సంగతి ఒకటుంది. సూక్ష్మజీవి ఒక్కటే ఈ జబ్బును తేలేదు. ఆకలితో కుంగిన చూషకాలు, తగ్గిన పులుపు, అరగని మాంసకృత్తులు, ఆగిపోయిన ఐజీఏ, చలి, కొట్లాట అన్నీ కలిస్తేనే అది విజృంభిస్తుంది. చికిత్స సూక్ష్మజీవిని మాత్రమే చూస్తే సగం పనే అవుతుంది. గత డెబ్భై ఏళ్ళ చరిత్ర ఈ మాటకు సాక్ష్యం.

ఆరియోమైసిన్ నుంచి జింకు దాకా

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న కాలంలో, బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ నేల నుంచి తీసిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను రాబట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948లో దాని సంగతి లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు బి12 విటమిన్ అందించే చవకైన పదార్థం కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేపి చూశారు. కోడిపిల్లలు బి12 వల్ల పెరగాల్సిన దానికంటే ఎక్కువ పెరిగాయి. ఆ పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ చలవ అది. పందిపిల్లల్లోనూ అదే ఫలితం వచ్చింది. 1951లో అమెరికా ప్రభుత్వం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడానికి అనుమతిచ్చింది. మనిషిని బతికించడానికి పుట్టిన మందు ఆ విధంగా రోజూ వేసే దాణాలోకి చేరింది.

రోజూ కొద్దికొద్దిగా మందు తినే సూక్ష్మజీవుల్లో దాన్ని తట్టుకునేవే మిగులుతాయి. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ ఈ ప్రమాదాన్ని స్పష్టంగా చెప్పింది. స్వీడన్ 1986లో పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు వాడడాన్ని నిషేధించింది. డెన్మార్క్ పాలు మానిన పిల్లల దాణాలో 1999 చివరికల్లా ఆపేసింది. యూరోపియన్ యూనియన్ అంతటా 2006 జనవరి 1 నుంచి నిషేధం వచ్చింది. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించిన సంగతి ప్రపంచాన్ని కలవరపెట్టింది: మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు చివరి ఆశగా వాడే కోలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 అనే జన్యువు పందుల్లోని ఈ.కోలైలో దొరికింది. ఆ జన్యువు ఒక సూక్ష్మజీవి నుంచి ఇంకో సూక్ష్మజీవికి తేలిగ్గా దూకగలదు. 2019 జులైలో భారత ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువుల్లో కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. 2020లో చైనా కూడా పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు కలిపిన దాణా తయారీని ఆపించింది.

నిషేధం తర్వాత జరిగింది మనకు పాఠం. స్వీడన్‌లో, డెన్మార్క్‌లో పెద్ద పందులకు పెద్ద నష్టం రాలేదు. పాలు మానిన పిల్లల్లో మాత్రం విరేచనాలు పెరిగాయి, వాటికి చికిత్సగా వాడిన మందులూ పెరిగాయి. యాంటీబయాటిక్ ఇన్నాళ్ళూ దాచిపెట్టిన బలహీనత బయటపడింది.

ఆ ఖాళీని జింకు నింపింది. కిలో దాణాకు 2,500 మిల్లీగ్రాముల జింకు ఉండేలా జింక్ ఆక్సైడ్ కలిపి రెండు వారాలు పెడితే విరేచనాలు బాగా తగ్గుతాయని 1980ల చివర డెన్మార్క్‌లో తేలింది. పిల్ల ఒంటికి కావలసిన దానికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. తిన్న జింకులో దాదాపు అంతా పేడలో బయటికొచ్చి పొలాల్లో పేరుకుంటుంది. జింకును తట్టుకునే సూక్ష్మజీవుల్లో యాంటీబయాటిక్‌లను తట్టుకునే గుణం కూడా తరచూ జంటగా ఉంటుంది కాబట్టి, జింకు కూడా మొండి సూక్ష్మజీవులనే ఎంచి పెంచింది. 2022 జూన్ నుంచి యూరప్‌లో ఈ మోతాదుకు తెరపడింది. మూలికల మీద ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది ఈ నేపథ్యంలోనే.

వాములో ఉన్నది ఏం చేస్తుంది

యూరప్ పరిశోధనల్లో ఎక్కువగా వినిపించే మొక్కలు ఒరెగానో, థైమ్. వాటి నూనెల్లో బలమైన పదార్థాలు కార్వక్రాల్, థైమాల్. రెండింటిలోనూ పరమాణువులు అవే, అన్నే. ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉన్న చోటు మాత్రమే తేడా. థైమాల్ మనకు కొత్తది కాదు. వాము నూనెలో మూడోవంతు నుంచి సగానికి పైగా అదే. పచారీ కొట్లో వాముపువ్వు పేరుతో అమ్మే తెల్లటి పలుకులు థైమాలే. కర్నూలు మార్కెట్ యార్డుకు బస్తాల్లో వచ్చే వాము వాసన, పిల్లల పొట్టనొప్పికి నలిపి ఇచ్చే వాము ఘాటు ఆ పదార్థానివే.

థైమాల్ కొవ్వులో కరుగుతుంది. సూక్ష్మజీవి చుట్టూ ఉండే పొర కొవ్వుతో అల్లినదే కాబట్టి అది అందులోకి చొరబడి పొరను వదులు చేస్తుంది. లోపలి పొటాషియం బయటికి కారుతుంది, బయటి ప్రోటాన్లు లోపలికి జారతాయి. శక్తిని తయారుచేసుకోవడానికి సూక్ష్మజీవి కట్టుకున్న తేడా అంతా కరిగిపోతుంది. దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్, లవంగంలోని యూజెనాల్ కూడా తమ తమ దారుల్లో సూక్ష్మజీవిని దెబ్బతీస్తాయి. వెల్లుల్లిని నలిపినప్పుడు పుట్టే అల్లిసిన్ సూక్ష్మజీవి ఎంజైములకు అడ్డుపడుతుంది. దానిమ్మ తొక్క, చెస్ట్‌నట్ చెక్క వంటి వాటిలో ఉండే టానిన్లు మాంసకృత్తులకు అంటుకుంటాయి. వాటి వగరు ఆ గుణం వల్లే.

ఇక్కడే చాలా ప్రకటనలు ఆగిపోతాయి. గాజు పాత్రలో ఈ.కోలైని చంపింది కాబట్టి పిల్ల పేగులోనూ చంపుతుందని తేల్చేస్తాయి. గాజు పాత్రలో ఈ.కోలైని ఆపడానికి లీటరుకు వందల మిల్లీగ్రాముల థైమాల్ కావాలి. దాణాలో కలిపేది సాధారణంగా కిలోకు పదుల మిల్లీగ్రాములు. పైగా దాణాలోని కొవ్వు, మాంసకృత్తులు ఆ నూనెను పట్టి ఉంచుకుంటాయి. మోతాదు పెంచుదామంటే ఘాటుకు పిల్ల తొట్టి దగ్గరికే రాదు. అసలే తినని వారంలో తినాలన్న కోరికను ఇంకా తగ్గించడం కంటే పెద్ద హాని లేదు.

ఇంకో చిక్కును బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో బయటపెట్టారు. పందిపిల్లలకు కార్వక్రాల్, థైమాల్, యూజెనాల్, సినమాల్డిహైడ్ ఇచ్చి పేగు పొడవునా కొలిచారు. దాదాపు అంతా కడుపులోనూ చిన్నపేగు మొదటి భాగంలోనూ ఒంట్లోకి పీల్చుకుపోయింది. ఈ.కోలై గుమిగూడే కింది భాగానికి చేరింది చాలా తక్కువ. అందుకే ఇప్పుడు నూనెను కొవ్వు గోళీల్లోనో, సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ పొరలోనో మూసి, కింది పేగులో మెల్లగా విడుదలయ్యేలా చేస్తున్నారు. దాణాను ఆవిరితో వేడిచేసి గుళికలుగా మార్చేటప్పుడు ఆవిరైపోయే నూనెను కూడా ఆ పొర కొంతవరకు కాపాడుతుంది. దీన్నిబట్టి రైతుకు అందే సంగతి సూటిగానే ఉంది: వాము పొడి తవుడులో కలపడానికీ, పొరలో మూసిన థైమాల్ దాణాలో కలపడానికీ తేడా చాలా ఉంది. ఒకదాని మీద చేసిన పరీక్ష రెండోదానికి సాక్ష్యం కాదు.

చంపకుండానే మేలు

మరి ఇంత తక్కువ మోతాదులో మూలికలు పనిచేస్తాయా? అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 2013లో ప్రచురించిన పరీక్ష దీనికి బాగా ఆలోచింపజేసే జవాబునిచ్చింది. మూడు వారాలకు పాలు మాన్పించిన పిల్లలకు ఎఫ్18 పోగులున్న ఈ.కోలైని కావాలనే తాగించారు. కొన్నిటికి మామూలు దాణా, కొన్నిటికి మిరప సారం, కొన్నిటికి వెల్లుల్లి సారం, కొన్నిటికి పసుపు సారం కలిపిన దాణా పెట్టారు. మోతాదు కిలో దాణాకు 10 మిల్లీగ్రాములు మాత్రమే. సారం తిన్న పిల్లల్లో విరేచనాలు తగ్గాయి. రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తులైన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, హాప్టోగ్లోబిన్ తగ్గాయి.

10 మిల్లీగ్రాములు ఈ.కోలైని చంపడానికి ఏ మాత్రం చాలవు. అంటే ఈ మేలు ఇంకో దారిన వచ్చింది. జబ్బు సూక్ష్మజీవి చేరినప్పుడు పేగు గోడ ఎర్రబడి, వాచి, రక్షణ కణాలను పిలుస్తుంది. ఆ స్పందన అవసరమే. అది హద్దు దాటితే మాత్రం కణాల మధ్య అతుకులు వదులై, విషాలు లోపలికి, నీరు బయటికి కారతాయి. పైగా ఆ పోరాటానికయ్యే శక్తి పెరుగుదల నుంచే తగ్గుతుంది. పసుపులోని కర్కుమిన్ వంటివి ఆ మంటను పెంచే సంకేతాలను తగ్గిస్తాయి. మిరపలోని క్యాప్సైసిన్ నరాల చివర ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. డేవిడ్ జూలియస్ 1997లో గుర్తించి, 2021లో నోబెల్ బహుమతి అందుకున్నది ఆ గ్రాహకానికే. పేగులోనూ అది ఉంది. ఇన్‌ఫ్లమేషన్‌లో, స్రావాల్లో దానికి పాత్ర ఉంది.

యాంటీబయాటిక్ లోపాన్ని సరిచేయలేదు, దాచింది. మూలిక మంచిగా పనిచేసినచోట పేగు స్పందన హద్దులో ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా ఈ అధ్యాయానికి కేంద్రం. మూలికను సూక్ష్మజీవులను చంపే మందుగా తూస్తే ఎప్పుడూ తక్కువ తూగుతుంది. పేగుకు తోడుగా తూస్తేనే దాని నిజమైన విలువ బయటపడుతుంది.

తల్లి తిన్న సోంపు

మూలికలు చేసిన మేళ్ళలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం 2010, 2011 ప్రాంతంలో చూపించినది. అక్కడ సూక్ష్మజీవిని ఎవరూ చంపలేదు. చూలుతో ఉన్న ఆడపందుల దాణాలో, పాలిచ్చే రోజుల్లో కూడా, సోంపు వాసననిచ్చే పదార్థం కలిపారు. ఆ వాసన గర్భంలోని నీటిలోకి, తర్వాత పాలలోకి చేరుతుంది. పిల్ల పుట్టకముందే దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. పాలు మాన్పించిన తర్వాత అదే వాసన చుట్టుపక్కల తగిలితే ఆ పిల్లలు దాణా ఎక్కువ తిన్నాయి, ఒత్తిడితో చేసే చేష్టలు తగ్గాయి, విరేచనాలు తగ్గాయి. దాణాలోనే కలపనక్కర్లేదు, గాలిలో ఆ వాసన ఉన్నా మేలు జరిగింది.

ఈ ఫలితం మొదట చెప్పిన జీవశాస్త్రంతో చక్కగా కలుస్తుంది. పిల్ల తింటే చూషకాలకు పోషణ అందుతుంది. చూషకాలు నిలిస్తే ఆహారం అరుగుతుంది. ఆహారం అరిగితే కిందికి పోయే మాంసకృత్తులు తగ్గుతాయి, ఈ.కోలైకి అవకాశం తగ్గుతుంది. గొలుసులో మొదటి కొక్కెం ఆకలి. తల్లి వాసన తోడుంటే ఆకలి తిరిగొస్తుంది. సోంపు ఇక్కడ ఏ సూక్ష్మజీవితోనూ పోరాడకుండా, తెలియనిచోట తెలిసినదాన్ని నిలిపి పని చేసింది.

పరీక్షను ఎలా చదవాలి

మూలికల మీద పరీక్షలు వందల్లో ఉన్నాయి, ఫలితాలు ఒకేలా లేవు. ఒకచోట బరువు పెరిగింది, ఒకచోట తేడా లేదు, ఒకచోట తినడం తగ్గింది. దీనికి కారణాలున్నాయి. ఒకే మొక్క ఒక నేలలో ఒక రకంగా, ఇంకో నేలలో ఇంకో రకంగా నూనెనిస్తుంది. కోసిన కాలం, ఎండబెట్టిన తీరు, నిల్వ ఉంచిన నెలలు దాన్ని మారుస్తాయి. ఎంత థైమాల్ ఉందో కొలిచి రాయని పరీక్షను ఇంకొకరు తిరిగి చేయలేరు. చాలా శుభ్రమైన పరిశోధన షెడ్లలో జబ్బే ఉండదు కాబట్టి మేలు కూడా కనిపించదు. అయిదారు మూలికలు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు.

అందుకే ఏ ఉత్పత్తి గురించి వింటున్నా కొన్ని ప్రశ్నలు అడగాలి. పోల్చడానికి అదే దాణా మూలిక లేకుండా తిన్న పిల్లలున్నాయా? వాటిని ఎలా పంచారు? పనిచేసే పదార్థం ఎంతో కొలిచారా? ఎన్ని పిల్లల మీద, ఎన్ని షెడ్లలో చేశారు? విరేచనాలను ఎవరు లెక్కించారు, ఏ పిల్ల ఏ దాణా తింటోందో వారికి ముందే తెలుసా? ఈ ప్రశ్నలు మూలికలను తక్కువ చేయడానికి కాదు. మన వంటింటి జ్ఞానం మీద గౌరవం ఉన్నవారు మరీ గట్టిగా అడగాల్సిన ప్రశ్నలివి. పరీక్షలో నిలిచిన మూలికను ఎవరూ కాదనలేరు.

నిలకడగా తేలిన విషయం ఒకటుంది: ఏ మూలికా 2,500 మిల్లీగ్రాముల జింకుకు ఒంటరిగా సాటి రాలేదు. నిషేధాలను బాగా దాటుకొచ్చిన ఫారాలు ఒక్క పొడి మీద ఆధారపడలేదు. అవి పాలు మాన్పించే వయసు పెంచాయి. దాణాలో మాంసకృత్తులు తగ్గించి, తగ్గిన అమైనో ఆమ్లాలను విడిగా కలిపాయి. తల్లి దగ్గర ఉండగానే పిల్లలకు దాణా రుచి చూపించాయి. తోబుట్టువులను వీలైనంత వరకు కలిపే ఉంచాయి. నేల వెచ్చగా, పొడిగా, నీరు దండిగా ఉండేలా చూశాయి. ఆర్గానిక్ ఆమ్లాలు కలిపి కడుపు పులుపును కాపాడాయి. వీటన్నిటి తర్వాత మూలిక చేరితే దాని మేలు కనిపించింది.

మన పాకల్లో

2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 90 లక్షల పందులున్నాయి. 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి. అందరికంటే ఎక్కువ ఉన్నది అస్సాంలో. తెలుగు నేల మీద తరతరాలుగా ఈ పెంపకాన్ని నిలబెట్టింది ఎక్కువగా ఎరుకల కుటుంబాలు. ఇటీవల సీమ పందుల ఫారాలు పెట్టిన చదువుకున్న యువకులూ తోడయ్యారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా పందుల మీద పరిశోధన చేస్తోంది.

మన చిన్న పెంపకాల్లో పిల్లలు చాలాచోట్ల ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గరే ఉంటాయి. లెక్కల్లో ఇది వెనకబాటుగా కనిపించవచ్చు. పేగు దృష్టితో చూస్తే ఇది మన చేతిలో ఉన్న బలం. ఆ వయసుకు పిల్ల తల్లి తొట్టిలోంచే గట్టి ఆహారం తినడం నేర్చుకుని ఉంటుంది, సొంత రోగనిరోధక శక్తి కూడా కొంత వచ్చి ఉంటుంది. ఎక్కువ ఈతల ఆశతో ఈ వయసును తొందరపడి మూడు వారాలకు దించితే, యూరప్ పడిన పాట్లన్నీ మనమూ పడాలి, వారికున్న షెడ్లు, దాణా, పశువైద్యుల తోడు లేకుండా.

మన ఇబ్బందులు వేరే ఉన్నాయి. హోటళ్ళ మిగులు, తవుడు, నూకలతో గడిచే మేపులో రోజుకో రకం ఆహారం పిల్ల పేగుకు భారం. మిగులు ఆహారాన్ని బాగా ఉడికించి పెట్టడం, పాలు మాన్పించే రెండు వారాల్లో దాణా మార్చకపోవడం, మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచడం ఏ మూలిక కంటే ముందు చేయాల్సినవి. విరేచనాలు మొదలైన పిల్లకు ముందు కావలసింది ఉప్పు, చక్కెర కలిసిన నీరు, పశువైద్యుడి చూపు. 2020లో దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను వాముతో, వెల్లుల్లితో ఆపగలమని ఎవరైనా చెబితే నమ్మకూడదు. దానికి పరిశుభ్రత, రాకపోకల అదుపు తప్ప మందు లేదు.

వీటికి తోడుగా మూలికలకు ఇక్కడ మంచి చోటుంది. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు, గుంటూరు మిరప, కర్నూలు వాము మన ముంగిట్లోనే ఉన్నాయి. వాటి సారాలను ప్రపంచ మార్కెట్‌కు అమ్మే దేశం మనది. మన వాములో థైమాల్ ఎంతో కొలిచి, మన పిల్లల వయసుకు, మన దాణాకు, మన ఎండకు తగిన మోతాదు తేల్చే పరీక్షలు విశ్వవిద్యాలయాల షెడ్లలోనే కాక ఎరుకల పాకల్లోనూ జరగాలి. చూలు పందుల మేతలో ఆఖరి వారాల్లో కొద్దిగా సోంపో వామో కలిపి, పాలు మాన్పించాక అదే వాసన పిల్లల దాణాలో ఉంచి, పక్క పాకలో ఆ వాసన లేకుండా పెంచి, రెండుచోట్లా విరేచనాలు లెక్కపెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ఒక పశువైద్యుడు, నాలుగు కుటుంబాలు, ఒక తక్కెడ, ఒక నోటుపుస్తకం చాలు. కోలిస్టిన్ పోయిన తర్వాత మన రైతుకు ఏం మిగిలిందన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు అలాంటి నోటుపుస్తకాల నుంచే రావాలి.